ఉస్మానియా చింతచెట్టు కింద గంటసేపు

బేగంబజార్‌లో ఇత్తడి సామాన్లు కొనాలనుకునేవాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. అక్కడ బిందె అందం చూసి ధర చెప్పరు. కాంటా మీద పెడతారు, ఎన్ని కిలోలుందో చూస్తారు, ఆ రోజు రేటుతో గుణిస్తారు. ఇంట్లో పాత ఇత్తడి ఉంటే తీసుకెళ్లండి, దాన్ని కూడా తూచి బిల్లులోంచి తగ్గిస్తారు. మాకు జావా, పైథాన్ నేర్పిన కాలేజీలో ఈ లెక్క నేర్పలేదు కాబట్టి, మొదటి షాపులో తెల్లమొహం వేశాను.

శ్రావణం మొదలైన వారం. కరీంనగర్‌లో మా అక్క శ్రీమంతం. పుట్టింటి తరఫున ఇత్తడి బిందె పెట్టాలి. "యాప్‌లో ఆర్డర్ చేస్తానమ్మా, రేపటికల్లా ఇంటికే వస్తుంది" అంటే అమ్మ ససేమిరా అంది. చేత్తో ఎత్తి, గోటితో కొట్టి, మోత విని కొనాలట. లిస్టు వాట్సాప్‌లో పంపింది: బిందె ఒకటి, రాగి చెంబులు రెండు, జీడిపప్పు కిలో, ఎండు ఖర్జూరం, పసుపు కొమ్ములు. చివర్లో, 'బిందె మీద మన ఇంటిపేరు, నీ పేరు కొట్టించు, మర్చిపోకు.'

అలా శనివారం పొద్దున మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగాను. ఎక్కడా మారే పని లేదు, ఒకటే రైలు. దిగాక కొంచెం నడక. బైక్ మీద వద్దామనుకుంటే మాత్రం ఆ ఆలోచన ఇప్పుడే మానుకోండి. బేగంబజార్ సందుల్లో పార్కింగ్ దొరికేలోపు నడిచి రెండుసార్లు వెళ్లి రావచ్చు.

రెండో నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం ఈ స్థలాన్ని వ్యాపారులకు ఇచ్చిందట, అందుకే బేగంబజార్. ఆ పేరు ఇప్పటికీ ఆమెదే. గిన్నెల సందులోంచి మసాలాల సందులోకి వెళ్లేసరికి తుమ్ములు మొదలవుతాయి. తలమీద మూట పెట్టుకున్న హమాలీ "సైడ్, సైడ్" అంటూ వస్తే పక్కకు తప్పుకోవాలి. ఆయన ఆగడు.

నాలుగో షాపులో బేరం కుదిరింది. బిందె మీద పేరు చెక్కే ఆయన మూలన చిన్న స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో పెన్నులాంటి మిషన్ గిర్రుమంటోంది. ఆయన ముందు నాకంటే ముందొచ్చిన స్టీలు గిన్నెల గుట్ట ఉంది. "ఇచ్చేటోళ్ల పేరా, తీసుకునేటోళ్ల పేరా?" అని అడిగాడు. ఇచ్చేవాళ్లదని చెప్పి కాగితం మీద రాసిచ్చాను. "గంటన్నర పడ్తది, తిరిగి రాండి."

గంటన్నర ఏం చేయాలి? అప్పుడు గుర్తొచ్చింది, ఎప్పుడో రీల్‌లో చూసిన చింతచెట్టు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది, ఇక్కడి నుంచి నడిచి పోవచ్చు. సిద్దిఅంబర్ బజార్ మీదుగా అఫ్జల్‌గంజ్ చేరాను. ఇది కూడా పేరున్న పేటే. ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా ధాన్యం వర్తకులకు ఇచ్చిన నేల. సెంట్రల్ లైబ్రరీ దాటి కొంచెం ముందుకు వెళ్తే ఆస్పత్రి గుమ్మటాలు కనిపిస్తాయి. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్ గీసిన భవనం. మూసీకి అవతలి ఒడ్డున ఉన్న హైకోర్టు కూడా ఆయన పనే. 2020 జులైలో వార్డుల్లోకి వాననీళ్లు రావడం, పాత భవనం నుంచి రోగులను తరలించడం వార్తల్లో చూసే ఉంటారు. భవనం ముందు నిలబడితే మాత్రం తల పైకెత్తకుండా ఉండలేం.

చెట్టు మూసీ వైపు ఉంది. నాలుగు వందల ఏళ్ల పైబడిందని చెబుతారు. మొదలు చూస్తే నమ్మబుద్ధవుతుంది. కింద నీడలో మనుషులు. ఒకాయన చెప్పులు తలకింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఇద్దరు అమ్మాయిలు ఒకే ఇయర్‌ఫోన్‌ను చెరో చెవిలో పెట్టుకున్నారు. అందరూ లోపల ఎవరో ఒకరు ఉన్నవాళ్లే.

నేను వెనక్కి వెనక్కి జరుగుతూ చెట్టు మొత్తం ఫ్రేములోకి వచ్చేలా చూస్తున్నా.

"ఏం ఫోటో దించుతున్నవ్ బిడ్డా? చెట్టుదా?"

నలభై దాటి ఉండవు ఆమెకు. గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన స్టీలు టిఫిన్, మందుల చీటీలున్న ప్లాస్టిక్ కవరు.

"అవునమ్మా. ఈ చెట్టు చాలా ఫేమస్."

"చింతచెట్టేనా? ఏం జేసింది గది?"

చెప్పాను. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద. ఎగువన రెండు వందలకు పైగా చెరువులకు గండ్లు పడి నీళ్లన్నీ ఒక్కసారే ఊరి మీదికి వచ్చాయి. అప్పుడు ఇక్కడున్న అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి కొట్టుకుపోయింది. దాదాపు 15,000 మంది చనిపోయారని అంచనా. ఆ నీళ్లలో ఈ చెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారు. రెండు రోజులు కొమ్మల మీదే ఉన్నారంటారు.

నేను ఇలాంటివి ఆఫీసులో చెబితే "వావ్ బ్రో" అంటారు, అక్కడితో అయిపోతుంది. ఆమె అలా వదల్లేదు.

"సెప్టెంబర్ ఆఖరు అంటే బతుకమ్మ దినాలు."

"కావచ్చు."

"కావచ్చు గాదు, గవే. అప్పటికి లేత చింతకాయలు పడ్తయి. గవే తిన్నరు గావచ్చు." చెట్టు పైకి చూసింది. "తాగనీకె? చుట్టూ నీళ్లే గాని గవి తాగే నీళ్లా? చిన్న పోరలు ఉండి ఉంటరు. వాళ్లను కొమ్మకు కట్టేసి ఉంటరు, చీరె కొంగుతోని."

ఈ చెట్టు గురించి నేను చదివిన వ్యాసాలు ఐదారు ఉంటాయి. కొంగుతో కొమ్మకు కట్టేసిన పిల్లాడు వాటిలో ఎక్కడా లేడు. నాకు తెలిసింది ఇంకొకటి చెప్పాను. అమ్జద్ హైదరాబాదీ అని ఉర్దూ కవి ఉండేవాడు. ఆ వరదలో ఆయన తల్లి, భార్య, కూతురు కళ్లముందే కొట్టుకుపోయారు, ఆయనొక్కడే మిగిలాడు.

ఆమె "అయ్యో" అనలేదు. కాసేపు ఊరుకుని, "ఒక్కడే మిగిలితే ఏం జేస్కుంటడు" అంది.

తర్వాత ఏం కట్టారో కూడా అడిగింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారని, ఇలాంటి వరద మళ్లీ రాకుండా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారని చెప్పాను. ఒకటి 1920లో, ఇంకోటి 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్ సాగర్ అంటే తెలియలేదు. గండిపేట అనగానే "గండిపేటనా! గట్ల చెప్పు" అంది.

వాళ్లది దేవరకొండ వైపు ఒక ఊరు. భర్త గీత కార్మికుడు. ఆరు రోజుల కింద తాటిచెట్టు మీంచి పడ్డాడు. రాత్రి వాన పడి చెట్టు నాని ఉందట, మోకు జారింది. నడుం పూస దెబ్బతింది. సోమవారం ఆపరేషన్.

"చెట్టే పడగొట్టె. చెట్టు కిందికే వచ్చి కూసున్న," అని నవ్వింది. నవ్వాలో వద్దో నాకు అర్థం కాలేదు.

తాటిచెట్టు ఎక్కడం గురించి మనలో చాలామందికి తెలిసింది, కల్లు తాగడానికి పోయినప్పుడు తీసుకున్న సెల్ఫీ వరకే. మోకు అంటే మనిషిని, చెట్టును కలిపి చుట్టిన తాడు. పైకి పోతున్నకొద్దీ దాన్ని జరుపుకుంటూ పోవాలి. జరిపే ఆ క్షణం ఒంటి బరువంతా కాళ్ల మీదే ఉంటుంది. 2024 జులైలో ప్రభుత్వం గీత కార్మికుల కోసం కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య వాళ్ల దేవుడు. కాలు జారినా బెల్టు పట్టి ఆపేలా ఆ కిట్ ఉంటుంది. "మాకు ఇంకా రాలే. వంతు ఉంటది గదా," అంది ఆమె. కోపంగా కూడా అనలేదు.

కొడుకుల్లేరు. ఒక్కతే కూతురు, ఇంటి దగ్గర బర్రెల్ని చూసుకుంటూ చదువుకుంటోంది. ఆపరేషన్‌కు పైసలు ఆరోగ్యశ్రీలో అవుతాయట. ఆమె భయం పైసల గురించి కాదు.

"సోమారం నాడు ఆయినను లోపలికి తీస్కపోతరు గదా. బయట తలుపుకాడ నేనొక్కదాన్నే కూసోవాలె. గదే యాదికొస్తుంది రాత్రంత."

తర్వాత కవరు సర్దుతూ అడిగింది. "బిడ్డా, నీ ఫోన్ల నుంచి ఒక్క నంబర్ కలుపుతవా?"

నిజం చెప్పాలంటే, మన తరం వాళ్లకు ఈ మాట వినగానే లోపల ఎర్రలైటు వెలుగుతుంది. తెలియనివాళ్లకు ఫోనివ్వొద్దని బ్యాంకు మెసేజ్‌లు, ఓటీపీ మోసాల వీడియోలు రోజూ చూస్తున్నాం. "నంబర్ చెప్పండి, నేనే కలుపుతా," అన్నాను. ఆమె చేతిలో చిన్న బటన్ ఫోన్ ఉంది. అందులో చార్జింగ్ కూడా ఉంది. మరి నా ఫోన్ ఎందుకు?

"నా నంబర్ సూస్తే ఎత్తడు. మా అన్న."

రెండేళ్లుగా మాటల్లేవు. తండ్రి పోయాక భూమిలో తన పాలు అడిగింది. ఒక ఎకరం. కూతురి చదువు కోసం. చట్టం ప్రకారం చూస్తే అందులో తప్పేమీ లేదు. 2005 నుంచి దేశమంతటా తండ్రి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది. మన తెలుగు నేల మీద ఎన్టీఆర్ కాలంలోనే, అంటే అంతకు ఇరవై ఏళ్ల ముందే ఆ దారిలో చట్టం వచ్చింది. ఊళ్లో మాత్రం ఆడబిడ్డ వాటా అడిగితే పుట్టింటి తలుపు మూసుకుంటుంది. బోనాలకు పిలుపు రాదు. రాఖీ కట్టడానికి ఎటు పోవాలో తెలియదు. అడగని ఆడబిడ్డలేమో ఉత్తమురాళ్లు. సంతకం పెట్టి వదులుకున్నారని పదిమందిలో గొప్పగా చెబుతారు. నేనూ విన్నాను అలాంటి పొగడ్తలు, మా చుట్టాల పెళ్లిళ్లలో.

"ఆస్తి గొడవ ఇప్పుడు తీయకు బిడ్డా," అంది. "ఉస్మానియాల ఉన్నదని చెప్పు. అంతే. రమ్మన్నదని చెప్పకు."

మొదటిసారి మోగి మోగి ఆగిపోయింది. ఆమె "పోనీలే" అంది. రెండోసారి ఎత్తాడు. స్పీకర్‌లో పెట్టాను.

"హలో, ఎవలు?"

"నమస్తే అన్నా, హైదరాబాద్ నుంచి. ఉస్మానియా ఆస్పత్రి దగ్గరున్నా. మీ చెల్లె ఇక్కడున్నారు. మీ బావ చెట్టు మీంచి పడ్డారు, సోమవారం ఆపరేషన్."

అటు నుంచి ఏమీ లేదు. ఎక్కడో ట్రాక్టర్ ఇంజన్ చప్పుడు. ఫోన్ కట్టయిందేమోనని స్క్రీన్ చూశాను. సెకన్లు నడుస్తూనే ఉన్నాయి.

"ఎన్ని దినాలాయె?"

"ఆరు రోజులు."

"ఆరు దినాలా!" మళ్లీ ట్రాక్టర్. "పక్కన ఎవరున్నరు ఆమెకు?"

ఆమె నా వైపు చూసి చేత్తో వద్దు వద్దని సైగ చేసింది. ఏం వద్దంటోందో తెలిసే చెప్పాను. "ఎవరూ లేరన్నా. ఒక్కతే ఉంది. మూసీ పక్కన పెద్ద చింతచెట్టు ఉంటుంది, దాని కింద కూర్చుంది."

"తిన్నదా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను తిన్నదని చెప్పాను. టిఫిన్ తెరిచి ఉందో మూసి ఉందో కూడా అప్పటికి చూడలేదు. "ఊఁ" అన్నాడు. కట్ చేశాడు.

వస్తాడో రాడో ఆ 'ఊఁ'లో ఏమీ తెలియలేదు. ఇంకోసారి కలపనా అన్నాను. "వద్దు. ఎత్తిండు గదా." కాసేపాగి, "తిన్నదా అని అడిగిండు," అంది, నేను వినలేదేమో అన్నట్టు.

తర్వాత మామూలు గొంతుతో నా సంగతులు అడిగింది. ఏం పని, ఏ ఊరు, పెళ్లయిందా. సాఫ్ట్‌వేర్ అంటే "కూసుండి చేసే పనే గదా, మంచిది" అంది. ఇక్కడికి ఎందుకొచ్చావంటే బిందె సంగతి చెప్పాను.

"ఎవరి పేరు కొట్టిస్తున్నవ్?"

"నా పేరు."

ఆమె టిఫిన్ చేతిలోకి తీసుకుని నా వైపు తిప్పింది. మూత అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన ఇంటిపేరు, దాని పక్కన ఒక మగ పేరు. "ఇగో, మా అన్నది. నా పెండ్లికి పెట్టిండు. పదిహేడేండ్లాయె, చెరగలే." కొంగుతో తుడిచి కింద పెట్టింది. "మా ఇంట్ల గంజుల మీద, బిందెల మీద, అన్నింటి మీద గదే పేరు. పాస్‌బుక్కుల గూడ గదే పేరు. నాది ఏడ లేదు సూడు."

నేను ఏదో అనబోయాను. ఆమె అప్పటికే చీటీల్లో ఏదో వెతుకుతోంది. లోపలి నుంచి పేరు పిలిస్తే లేచింది. కవరు, టిఫిన్ తీసుకుని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఫోటో మంచిగొచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాను. చూపిస్తే, "నేను గూడ పడ్డ గదా మూలకు" అని నవ్వి వెళ్లింది.

ఆ ఫోటో ఇక్కడ పెట్టడం లేదు.

మీరెప్పుడైనా చార్మినార్ చూసి నయాపూల్ మీదుగా ఇటు వస్తే, ఒక పది నిమిషాలు ఈ చెట్టు దగ్గరికి వెళ్లండి. ఏటా సెప్టెంబర్ 28న కొందరు ఇక్కడికి వచ్చి ఆ వరదను తలుచుకుంటారు, పేపర్లలో చిన్న వార్త వస్తుంది. మిగతా రోజుల్లో ఇది ఎవరికీ వారసత్వ చెట్టు కాదు, నీడ. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. కొత్త భవనం కావాల్సిందే, వాననీళ్ల మధ్య మంచాలు వేయలేం కదా. కాకపోతే అక్కడ లిఫ్టులు, ఏసీలతో పాటు, లోపల మనిషిని పెట్టుకుని బయట రోజులు లెక్కపెట్టేవాళ్లకు కూర్చునే చోటు ఎంత ఉంటుందో ప్లాన్ గీసేవాళ్లు ఒక్కసారి చూసుకుంటే బాగుంటుంది. చెట్టును మోసుకెళ్లలేరు కాబట్టి అంటున్నా.

బేగంబజార్‌కు తిరిగి వెళ్లేసరికి గంటన్నర కాదు, రెండు గంటలు దాటింది. బిందె తయారుగా ఉంది. మెడ చుట్టూ మా ఇంటిపేరు, నా పేరు. అక్షరాలు చక్కగా కుదిరాయి. చెక్కినాయన గర్వంగా తిప్పి చూపించాడు.

"ఇంకో పేరు పడుతుందా భయ్యా?"

"ఎవరిది?"

"మా అక్కది. పైన."

"పైన జాగా తక్కువుంది సార్. చిన్నగ కొట్టాలె. అక్షరానికింత అని లెక్క, వేరే అవుతది."

కానివ్వమన్నాను. పేరు రాసిస్తుంటే పెళ్లయ్యాక మారిన ఇంటిపేరు వేయాలా, పాతది వేయాలా అని అడిగాడు. ఇంటిపేరు వద్దు, ఒట్టి పేరే వేయమన్నా. ఇరవై నిమిషాలు అక్కడే నిలబడ్డాను. సాయంత్రం వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ "ఇదేందిరా, తీసుకునేవాళ్ల పేరు ఎవరన్నా వేయిస్తారా?" అని కోప్పడింది. వెనక నుంచి అక్క ఫోన్ లాక్కుని బిందెను దగ్గరగా చూపించమంది.

పనులన్నీ అయ్యాయనుకుంటే పసుపు కొమ్ములు మర్చిపోయానని ఇంటికొచ్చాక తెలిసింది. అవి మియాపూర్ సూపర్‌మార్కెట్‌లో ప్యాకెట్టుగా దొరికాయి. ఎక్కడివని అమ్మ అడగలేదు.

సోమవారం పొద్దున ఐదున్నరకు ఫోన్ మోగింది. నిద్రమత్తులో అలారమనుకుని ఒకసారి ఆపేశాను. మళ్లీ మోగింది. సేవ్ చేయని నంబర్.

"తమ్మీ, మొన్న ఫోన్ జేసినవు గదా. ఎంజీబీఎస్‌ల దిగిన. నువ్వు చెప్పిన చింతచెట్టు ఎటుదిక్కు?"

లేచి కూర్చున్నాను. బస్టాండ్ బయటికి వచ్చి అఫ్జల్‌గంజ్ ఎటు అని అడగమన్నాను. ఉస్మానియా గేటు లోపలికి వెళ్లాక మూసీ వైపు నడవమన్నాను. చెట్టు దగ్గర లేకపోతే ఆపరేషన్ థియేటర్ ఎక్కడని అడిగి పోవాలని, తలుపు దగ్గరే ఉంటుందని చెప్పాను.

"ఆటో ఎక్కాల్నా, నడువొచ్చునా? రెండు సంచులున్నయి."

"నడవొచ్చన్నా. పది నిమిషాలు."

"దగ్గరి తొవ్వ చెప్పు," అన్నాడు.